రెండు బండ్లు, ఒకటే కాలు

“ఈ డొక్కుబండిని యాపొద్దు అమ్ముతావక్కా?” అని తమ్ముడు దినకర్ అడిగినప్పుడు లోకేశ్వరి ఇడ్లీ తింటోంది. వాడు ఊరికే అడగలేదు. పాత బండ్లు పోగుచేసే ఉమాపతి అనే ఆయన బాగాయంలో ఉన్నాడు. మంచి ధర ఇస్తానని, సాయంత్రంలోగా మాట చెప్పమన్నాడు.

ఆ డొక్కు 2002 నాటి పాలియో కారు, పదహారు వందల సీసీ, ఇటలీవాళ్ళ బండి. గుడియాత్తంలో లైసెన్సు ఉండీ బండి తియ్యాలంటే వణికే ఆడవాళ్ళకు లోకేశ్వరి పదిహేనేళ్ళుగా దాని మీదే నేర్పుతోంది. ఆమె తిండీ పేరూ అదే. దినకర్‌ది నిరుడు కొన్న ఐ20 ఎన్ లైన్, కొరియా కంపెనీది. ఇంజను వెయ్యి సీసీ కూడా లేదు, బలం మాత్రం పాలియో కంటే ఎక్కువ.

పాతవాటికి ప్రాణముంటుందని కొందరు, కొత్తవే క్షేమమని కొందరు భజన చేస్తుంటారు. లోకేశ్వరికి రెండు భజనలూ పడవు. రెండింటినీ పరదరామి దాకా తోలి చూస్తాను, నీదే మేలనిపిస్తే నాది అమ్మేస్తానంది.

ముందు పాలియోలో పోయి వచ్చారు. స్టీరింగు బరువే కానీ ప్రతి గతుకూ అరచేతికి తెలుస్తుంది. ఇంజను అరిస్తేనే బండి ఉరుకుతుంది. ఇరవై ఏళ్ళు దాటిన బ్రేకు, తొడ బలమంతా పెట్టి తొక్కాలి.

తరువాత ఐ20. కాలు ఆనించగానే టర్బో ఇంజను వీపు మీద చెయ్యి వేసి తోసినట్టయింది. వద్దనుకున్నా ఆమె పెదాల మీదికి నవ్వు వచ్చింది.

“ఎట్టుండాది?” అన్నాడు దినకర్.

“నోరు మూసుకో. రోడ్డు చూడనీ.”

పరదరామి ఇంకా రాకముందే ముందు పోతున్న టమాటా వ్యాను ఉన్నట్టుండి ఆగింది. లోకేశ్వరి కాలు పాలియోలో తొక్కినట్టే తొక్కింది. బండి మేకు కొట్టినట్టు నిలిచిపోయింది. సీటుబెల్టు భుజాన్ని కోసింది. వెంటనే వెనక నుంచి దబ్బున చప్పుడు.

పాలు పోసే కాశి మోపెడ్‌తో వెనక బంపరును గుద్ది రోడ్డు మీద పడి ఉన్నాడు. పాలు బండి కిందికి పారుతున్నాయి. అతను లేవలేదు. లోకేశ్వరి చేతికి తలుపు పిడి దొరకడం లేదు. ఆమె ఎలాగో దిగేసరికి అతను మెల్లగా లేచి కూర్చుని మోకాలు తడుముకుంటున్నాడు.

జనం మూగారు. అంత దగ్గరగా ఎందుకు వచ్చావని దినకర్ కాశి మీద ఎగిరాడు. ఆమె వాణ్ణి వెనక్కి లాగింది.

కాశి అరవలేదు. “వ్యాను ఇంకా అంత దూరం ఉండాది గదా తాయీ. ఎవురన్నా అట్ట నిలబెడతారా?”

“నీ డొక్కు అయ్యుంటే ఈపాటికి వ్యానులో ఉందుము,” అని దినకర్ గొణిగాడు. “నా బండే కాపాడినాది.”

“దూరం శానా ఉన్నిందిరా. నా కాలికే తెలీలా, ఇది వేరే బండని.” తన కుడికాలి వంక చూసుకుంది. “నా దగ్గిర నేర్చుకున్నోళ్ళంతా ఇంటికి పోయి ఇట్టాటి బండ్లే తోల్తారు. వాళ్ళకి నేను నేర్పించింది ఈ కాలే.”

దినకర్ వంగి సొట్టపడిన బంపరు తడిమి చూసుకున్నాడు.

“మలుపుల్లో నాదే మేలు. అయినా అమ్మేస్తా. ఆ ఉమాపతికి ఫోన్ చెయ్యి.”

ఆ మధ్యాహ్నమే పాలియోను తానే పళ్ళికొండ మీదుగా బాగాయం తీసుకుపోయి తాళం ఇచ్చేసింది. ఇప్పుడు నేర్పడానికి, వీధిలో పదిమందికీ ఉండేలాంటి చిన్న బండి పెట్టుకుంది. ముందుగా తన కాలికి నేర్పుకోవడానికి నెల పట్టింది.

కాశి పాల డబ్బు అక్కడికక్కడే ఇచ్చేసింది. దినకర్ బండి బంపరుకు మాత్రం ఆమె ఇంకా తొమ్మిది వేలు బాకీ ఉంది.