పెళ్లి కెమెరాతో తీసిన కొలజాడీ పాఠం

1990 జూన్‌లో నన్ను ఆదిలాబాద్ జిల్లా శ్రీరాంపూర్ దగ్గరి ఒక ఉన్నత పాఠశాలకు భౌతికశాస్త్ర స్కూల్ అసిస్టెంట్‌గా బదిలీ చేశారు. పిల్లల్లో ఎక్కువమంది బొగ్గుబావి కార్మికుల సంతానం. ప్రయోగశాల అని చెప్పుకోవడానికి ఒక బీరువా, ఒక పొడవాటి బల్ల, పగలకుండా మిగిలిన ఒకే ఒక కొలజాడీ ఉండేవి. నలభై మంది చుట్టూ మూగితే ముందు వరుసకు తప్ప ఎవరికీ ఏమీ కనిపించేది కాదు. అందుకని ప్రయోగాలను వీడియో తీసి, నాలుగైదు నిమిషాల ముక్కలుగా టీవీలో చూపించాలని అనుకున్నాను. ఆలోచన నాదే గనుక తప్పు కూడా నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను.

కెమెరా రాజమల్లుది. అతని కూతురు మా బడిలోనే ఆరో తరగతి. దుబాయి నుంచి తెచ్చుకున్న ఆ కెమెరాతో చుట్టుపక్కల పెళ్లిళ్లన్నీ అతనే తీసేవాడు. మంచి మనిషి. అడగగానే, ఇస్త్రీ ప్యాంటు వేసుకుని మరీ వచ్చాడు.

మొదటి పాఠం రాయి ఘనపరిమాణం కనుక్కోవడం. కొలజాడీలో నీళ్లు పోసి మట్టం చూడాలి; దారం కట్టిన రాయిని ముంచి మళ్లీ చూడాలి. రెండింటి తేడాయే రాయి ఘనపరిమాణం. రాజమల్లు వచ్చీ రావడంతోనే బెంచీ ఎక్కాడు. ఎందుకని అడిగితే, “తలంబ్రాలు గిట్లనే తీస్త సార్, పైనుంచైతేనే అన్నీ కనవడ్తయ్” అన్నాడు. మట్టం చూద్దామని నేను వంగబోతే, “వంగకుండ్రి సార్, మొఖం కనవడ్తలేదు” అని ఆపాడు. నేనూ తల దువ్వుకుని వచ్చినవాణ్ణే. నిటారుగా నిలబడి, పైనుంచే చూసి, ఇరవై ఘన సెంటీమీటర్లని గంభీరంగా ప్రకటించాను.

తొమ్మిదో తరగతికి ఆ క్లిప్పు చూపించాక, అదే రాయి, అదే జాడీతో ఒక్కొక్కరినీ పిలిచి కొలిపించాను. రికార్డు పుస్తకాల్లో అందరూ ఇరవై అని రాశారు. సరోజన ఒక్కతే ఇరవై రెండు రాసింది. టీవీలో చూపించినా ఇంత అజాగ్రత్తా అని ఎర్ర సిరాతో కొట్టేశాను. జిల్లా సైన్సు ప్రదర్శనకు మా బడి నుంచి ఇద్దరిని పంపాలి. నా మనసులో మొదటి పేరు ఆ అమ్మాయిదే. దాన్ని తీసేసి వేరే పేరు రాసి, జాబితాను ఉప విద్యాధికారి కార్యాలయానికి పంపేశాను. ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది.

మర్నాడు మధ్యాహ్నం సరోజన వచ్చింది. ప్రదర్శన మాట ఎత్తలేదు.

“సార్, నేను మూడుసార్లు చూసిన. ఇరవై రెండే వస్తుంది. మీరు జర వంగి చూడుండ్రి” అంది.

ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠం నాకే నేర్పుతావా అని కసిరాను. ఆమె వెళ్లిపోలేదు. జాడీలో నీళ్లు పోసి, రాయి పట్టుకుని నిలబడింది. చివరికి వంగి, కన్ను నీటిమట్టానికి సమంగా పెట్టి చూశాను. రాయి ముంచి మళ్లీ చూశాను. ఇరవై రెండు! కన్ను పైన ఉంటే మట్టం ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. నీళ్లు కిందికి ఉన్నకొద్దీ ఆ పొరపాటు పెరుగుతుంది. అందువల్ల తేడా తగ్గిపోతుంది. ఏటా నేనే బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే సంగతి. “తప్పు నాదే బిడ్డా” అన్నాను.

పేర్ల గడువు ఆ సాయంత్రంతో ముగుస్తుంది. హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని బస్సెక్కి ఉప విద్యాధికారి కార్యాలయానికి పోయాను. పేరు మార్చాలంటే కారణం రాసివ్వాలన్నారు. “ఎంపిక చేసిన ఉపాధ్యాయుని రీడింగు తప్పు” అని రాశాను. అది చదివిన గుమాస్తా జాలిపడి, “గిట్ల రాస్తరా సార్? ముందు పేరున్న పిల్లకు పానం బాగలేదని రాస్తె అయిపాయె గద” అన్నాడు. అలాగే ఉంచమన్నాను. అధికారి చదివి, నన్నొకసారి చూసి, సంతకం చేశారు. సరోజన ప్రదర్శనకు వెళ్లింది. బహుమతి రాలేదు గానీ, వచ్చినవాళ్లందరినీ వంగి చూడమని సతాయించిందని విని కడుపునిండా నవ్వాను.

ఆ ఆదివారం రాజమల్లు మళ్లీ వచ్చాడు. సంగతి విని నొచ్చుకుని, ఈసారి ఇస్త్రీ ప్యాంటుతోనే నేల మీద మోకరిల్లి తీశాడు.

సోమవారం తరగతిలో రెండు క్లిప్పులూ ఒకదాని వెంట ఒకటి వేసి, పొరపాటు ఎక్కడ జరిగిందో పిల్లలకు చెప్పాను. తర్వాత, ఆ రోజు నిజంగా ఇరవై రెండు చూసినవాళ్లు చేతులెత్తమన్నాను. మొదట ఎవరూ ఎత్తలేదు. తర్వాత ఒకటి, రెండు, చూస్తుండగానే సగం పైగా చేతులు లేచాయి. మరి ఇరవై ఎందుకు రాశారని అడిగితే ముందు బెంచీ పిల్ల ఒకతి, “మీరు టీవీల ఇరవై అన్నరు గద సార్” అంది.

రిటైరయ్యేదాకా క్లిప్పులు తీస్తూనే ఉన్నాను. కానీ ముందు పిల్లలు కొలిచి సిరాతో రాసేవారు. ఆ తర్వాతే టీవీ పెట్టేవాణ్ణి. ఆ రోజు ఇరవై రాసినవాళ్ల కళ్లలో ఏ లోపమూ లేదు. నా మాటకూ వాళ్ల కళ్లకూ తేడా వస్తే కళ్లనే నమ్మాలని అంతకుముందు ఇరవై ఏళ్లలో నేను ఒక్కసారి కూడా చెప్పలేదు.