చుట్టబట్టలో సముద్రం

బాపట్ల సముద్రం దగ్గర బావగారి డబ్బా కెమెరాను తువ్వాల్లో చుట్టి పసిపిల్లలా కాపాడాను. అయినా ఇసుక దూరి, వెనక మూత గొళ్లెం వదులైంది. మూత తెరుచుకుంటే వెలుగు తగిలి రీలు మొత్తం పాడు. అందులో అమ్మ జీవితంలో మొదటిసారి సముద్రంలో దిగి నవ్విన ఫోటో ఉంది.

రీలు కడిగించడానికి పటాన్‌చెరులో సంగారెడ్డి బస్సెక్కి, మూతను రెండు చేతులతో అదిమిపట్టి నిలబడ్డాను. ప్రతి గుంతకూ ఎవరో ఒకరి ఒళ్లో పడ్డాను. అలా చాలామందితో పరిచయమైంది.

వాళ్లలో కూరగాయల గంప పెట్టుకున్న ఒకావిడ అడిగింది: "ఏంది బిడ్డా, గట్ల పట్టుకున్నవ్? ఎగిరిపోతదా?"

"సముద్రం ఫోటోలమ్మా. మూత తెరుచుకుంటే అన్నీ పోతాయి."

"అయ్యో, నేనింకా సముద్రమే సూడలే! ఇటియ్యి."

తలమీద గంప కింద పెట్టుకునే చుట్టబట్ట విప్పి, కెమెరాను మూటలా బిగించి కట్టింది. లక్డారం దారి దగ్గర వట్టి తలమీదే గంప ఎత్తుకుని దిగింది. తిరిగిద్దామని నేను బట్ట విప్పబోతే, "ఉండనియ్యి, సముద్రం కారిపోతది" అంది.

ఫోటోలో సముద్రం వచ్చింది, అమ్మ నవ్వూ వచ్చింది. కాళ్లు రాలేదు కాబట్టి, నీళ్లలో దిగిందనడానికి నా మాటే సాక్ష్యం.

కెమెరా బావగారికి ఇచ్చేశాను. బట్ట కూడా అడిగితే, అది కెమెరాది కాదన్నాను.