మంచి బియ్యంతో పరీక్ష

రైసు మిల్లులకు యంత్రాలు అమ్మి బతికాను. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటికే మరలు విప్పి బిగించడం వచ్చు కాబట్టి, కంపెనీ కాగితంలో ఏది చదివినా కళ్లారా చూసేదాకా నమ్మేవాణ్ణి కాను.

నందివాడ వైపు ఒక మిల్లు యజమాని రంగు మారిన బియ్యాన్ని ఏరే యంత్రం కొనాలనుకున్నాడు. అందులో కెమెరా ప్రతి గింజనూ చూస్తుంది, పసుపు తిరిగినదాన్ని గాలితో పక్కకు కొడుతుంది. ఇద్దరు తమ్ముళ్లతో ఉమ్మడిగా ఉన్న మిల్లు అది. దాన్నే తాకట్టు పెట్టి కొంటానన్నాడు.

పరీక్షకు బియ్యం తెమ్మంటే మావైపు మిల్లులవాళ్లు ఇంట్లో వండుకునే రకం తెస్తారు. పదిమంది ముందు ముక్కిన బియ్యం పోయడం నామర్దా. గుడివాడలో మా షెడ్డుకు ఆయనా అదే తెచ్చాడు.

"ఇవి కాదు బావగారూ. తుఫానుకి తడిసిన ధాన్యం ఆడించినవి తెండి."

"పెళ్లిచూపులకి పిల్లని జ్వరంతో కూచోబెట్టమంటావేంటయ్యా?"

పట్టుబట్టి తెప్పించి పోశాను. మంచి గుట్టకన్నా తీసేసిన గుట్టే పెద్దదయింది.

"తడి ధాన్యం రాశిలో వేడెక్కితే గింజ లోపలే పసుపవుద్ది. దాన్ని ఇది తెల్లగా చెయ్యదు. మీకు ముందు ధాన్యం ఆరబెట్టే డ్రయ్యరు కావాలి. అది నా దగ్గర లేదు."

"నువ్వు అమ్మడానికొచ్చావా, ఆపడానికొచ్చావా?"

ఎలాంటి బియ్యమైనా ఏరుద్దని చెప్పినవాడి దగ్గర కొన్నాడు.

కోతల మీద వాన పడింది. చేలల్లోనే పనలు నానాయి. ఆ ధాన్యం ఆడిస్తే కొత్త యంత్రం సగానికి పైగా పక్కకు కొట్టేసింది. ఒకరోజు ఆయన ఫోన్ చేసి రమ్మన్నాడు. వెళ్లేసరికి తమ్ముళ్లిద్దరూ యంత్రం పక్కనే నిలబడి ఉన్నారు. ఆయన నన్ను తవుడు బస్తాల చాటుకు తీసుకెళ్లాడు.

"తప్పు నా మీదికి రాకుండా, మిషను పాడని చెప్పు బావా. నీ మాటయితే నమ్ముతారు."

నేను యంత్రం దగ్గరికి వెళ్లాను. అద్దాలు తుడిచి, గాలి గొట్టాలు చూసి, కొంచెం బియ్యం పోసి నడిపించాను. చిన్న తమ్ముడు అడిగాడు.

"ఏమైందండీ దీనికి?"

"దీనికేం కాలేదు. పోయింది ధాన్యం."

ఎవరో స్విచ్ కట్టేశారు.

పంటల మధ్య ఖాళీలో తమ్ముళ్లు విడిపోయారు. బ్యాంకు మిల్లుకు తాళం వేసింది. నిజం చెప్పానన్న గర్వం నాకు రాలేదు. బాధా రాలేదు. మొన్న ఆయన గుడివాడ బస్టాండులో కనిపించి, "బాగున్నావా?" అన్నాడు. బాగున్నానన్నాను. తిరిగి అడగలేదు.