పళ్లెంలో చెకింగ్

మా బాబాయి తన పళ్లెంలోకి వచ్చిన ప్రతి ముక్కనీ టిక్కెట్టు అడిగేవాడు.

ఉద్యోగం అలాంటిది మరి. సిటీ బస్సుల్లో చెకింగ్ ఇన్‌స్పెక్టరు. రోజంతా బస్సులెక్కి, టిక్కెట్టు లేనివాళ్లని దింపి ఇంటికొచ్చేవాడు. ఇంట్లో బస్సు లేదు కాబట్టి ఆ వృత్తిధర్మమంతా కూర మీద పడేది. కాళ్లు కడుక్కుని కూర్చుని, కళ్లజోడు ముక్కు కొసకి దించి, పళ్లెంలోకి తొంగిచూసేవాడు. "ఎవరదీ, మూల దాక్కుంది? బంగాళాదుంపా? ఎక్కడెక్కావు నువ్వు? దిగు, దిగు!" అంటూ చెంచాతో తీసి పళ్లెం అంచున నిలబెట్టేవాడు. ఆ దుంప ముక్కని చూస్తే నాకు జాలేసేది.

ఆయనకి మొహమాటం అన్నది పుట్టుకతోనే లేదు. ఉద్యోగుల ఇంటివాళ్లకి ఫ్యామిలీ పాసు ఇస్తారు. పిన్ని ఆ పాసు మీద బజారుకి వెళ్తుంటే ఒకసారి ఈయన ఆ బస్సే ఎక్కాడు.

"పాసు చూపించండమ్మా."

"పొద్దున్నేగా నేనిచ్చిన కాఫీ తాగి బయల్దేరారు! నేనెవరో తెలీదూ?"

"బస్సులో బంధుత్వాలు చెల్లవు. పాసు."

పిన్ని పాసు తీసి ఆయన కళ్లజోడుకి ఆనించి, "బాగా చూసుకోండి, ఫొటోలో ఉన్నది మీ పెళ్లామే" అందట. బస్సంతా నవ్విందట. ఈయన మాత్రం నవ్వకుండా తర్వాతి సీటుకి వెళ్లిపోయాడట.

నేను బాబాయి వాళ్ల వీధిలోనే కళ్లజోళ్ల దుకాణంలో పనికి కుదిరి, వాళ్లింట్లో మకాం పెట్టాను. మొదటి రోజే బాబాయి నన్ను పక్కకి పిలిచాడు.

"అమ్మాయ్, నాకు షుగరు. దాని వెనకే బీపీ. వాటి వెనకే కొలెస్ట్రాలు. ఈ ముగ్గురూ కలిసి కిడ్నీల మీద పడ్డారు. ఇప్పటికే సగం పని మానేశాయి. ఒళ్లు దగ్గర పెట్టుకుని తింటే ఏళ్ల తరబడి నెట్టుకురావచ్చట. లేకపోతే మిషను పెట్టి రక్తం కడిగించుకోవాలి."

"అయితే ఏం తినాలి బాబాయ్?"

"అదే కదా చిక్కు! బీపీకి అరటిపండు మంచిదంటారు, పొటాషియం ఎక్కువ కాబట్టి కిడ్నీకి వద్దంటారు. షుగరుకి పప్పు తినమంటారు, కిడ్నీ దగ్గరికెళ్తే కొంచెం చాలంటారు. నలుగురు డ్రైవర్లు, ఒకటే స్టీరింగు."

"మరి?"

"భయపడుతూ తినాలి."

ఆ రోజు నుంచి నేనూ భయపడుతూనే తిన్నాను. బాబాయి గుటక వేసినప్పుడల్లా నా పైప్రాణాలు పైనే పోయేవి. కూర ముక్కలు చిన్నగా తరిగి, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, బోలెడు నీళ్లలో ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోయాలి. ఆ పని ఆయనే చేసేవాడు. నీళ్లు వంపుతూ, "దిగండి, దిగండి, ఆఖరి స్టాపు" అనేవాడు. పొటాషియంతో పాటు రుచి కూడా అక్కడే దిగిపోయేది. చివరికి పిన్ని చిటికెడు ఉప్పు వేసేది. ఆ కూర తింటుంటే నోట్లో ఏదో ఉందని తెలిసేది కానీ, ఏముందో తెలిసేది కాదు.

పిన్ని కూడా అదే తినేది. "మీరైనా వేరే చేసుకోవచ్చుగా" అన్నాను ఉండబట్టలేక. ఆ మాటలో నా స్వార్థమూ ఉంది, కాదనను.

"ఆయన చప్పిడి తింటుంటే నాకు ఉప్పూ కారం గొంతు దిగుతాయటే!"

"మీ ఒంట్లో ఎలా ఉంది పిన్నీ?"

"నాకేం? గుండ్రాయిలా ఉన్నాను. ఆయన గురించే నా దిగులంతా" అంటూ గుప్పెడు బిళ్లలు నోట్లో వేసుకుంది. "ఇవా? వయసు బిళ్లలు."

పొరుగింటి విందుకి వెళ్లినా బాబాయి చంకలో చప్పిడి కూర డబ్బా ఉండేది. "ఒక్క ముక్క కేకు తింటే ఏమీ కాదండీ" అన్నాడు ఇంటాయన. "ఏమీ కాదన్నవాళ్లెవరూ ఆస్పత్రిలో నాకు తోడు కూర్చోరండీ" అన్నాడు ఈయన. అంతటితో ఊరుకున్నాడా? పిన్ని పళ్లెంలో కేకుని కూడా "దిగు" అని దింపేశాడు. ఇదెక్కడి దౌర్జన్యం అని పొరుగింటావిడ మూతి తిప్పుకుంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇలా ఉండగా ఉన్నట్టుండి కూర రుచిగా మారింది.

"నీ చేతిలో ఏదో మహిమ ఉందోయ్" అన్నాడు బాబాయి, మారు వడ్డించుకుంటూ. పిన్ని సిగ్గుపడింది. నేనైతే గిన్నె ఊడ్చేశాను. ముక్క ముక్కనీ నిలదీసే మనిషి, మహిమని మాత్రం టిక్కెట్టు అడగలేదు.

ఆ వారం చివర్లో పిన్ని పొయ్యి దగ్గర స్టూలు మీద కూలబడిపోయింది. "కాళ్లు సీసం పోసినట్టున్నాయండీ. గుండె ఒకటే దడదడ."

బాబాయి మొహం పాలిపోయింది. "ఏం తిన్నావ్? నిజం చెప్పు, బయటేమైనా తిన్నావా?"

"మీరు తిన్నదే తిన్నాను."

ఆయన వంటింటి అరలన్నీ గాలించాడు. డబ్బాలన్నీ మూత తీసి చూశాడు. చివరికి పిన్నే నోరు విప్పింది. "ఉప్పు మార్చానండీ. మీరు చప్పిడి తింటుంటే చూడలేకపోయాను. బీపీ ఉన్నవాళ్లు ఎంతైనా వేసుకోవచ్చని కొట్లో చెబితే తెచ్చి, పాత డబ్బాలో పోశాను."

పొయ్యి గట్టు కింద నుంచి ఖాళీ ప్యాకెట్టు తీసి నా చేతికిచ్చింది. చీమతలకాయలంత అక్షరాలు. "సోడియం తక్కువ. ఇందులో పొటాషియం క్లో..." అని చదువుతుండగానే బాబాయి చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తాడు.

వస్తున్న బస్సుకి అడ్డంగా నిలబడి చెయ్యెత్తాడు. ఇన్‌స్పెక్టర్ని చూసి డ్రైవరు హడలిపోయి ఆపేశాడు. పిన్నిని ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. లోపల జనమంతా టిక్కెట్లు చేత్తో పట్టుకుని పైకెత్తారు. "ఉంచండి బాబూ, ఉంచండి" అన్నాడు బాబాయి. ఆయన టిక్కెట్టు అడగకుండా బస్సులో కూర్చోవడం చూడటం నాకదే మొదలు. డ్రైవరు మధ్యలో స్టాపులన్నీ వదిలేసి ఆస్పత్రి గేటు ముందే ఆపాడు. దిగాల్సినవాళ్లు కూడా ముందు పిన్నికే దారిచ్చారు.

దారి పొడుగునా పిన్నిది ఒకటే పాట. "నా సంగతి తర్వాత. మీరూ తిన్నారు, ముందు మిమ్మల్ని చూపించుకోండి."

గుండెకి తీగలు తగిలించారు, రక్తం తీశారు, సూదిమందు ఎక్కించారు. మేం ఇద్దరం గోడకి ఆనుకుని నిలబడ్డాం. బాబాయి గోళ్లు కొరుకుతున్నాడు. ఎంతకీ ఎవరూ ఏమీ చెప్పరు.

చాలాసేపటికి డాక్టరమ్మ వచ్చింది. "టైముకి తీసుకొచ్చారు. పొటాషియం బాగా పెరిగింది. ఇప్పుడు దిగుతోంది."

"దిగనివ్వండి తల్లీ, దిగనివ్వండి" అన్నాడు బాబాయి. కళ్లజోడు తుడుచుకున్నాడు, కళ్లు తుడుచుకోవడం మర్చిపోయాడు.

పిన్ని మంచం మీంచే కేకేసింది. "డాక్టరమ్మా, ముందు ఆయన్ని చూడండి! ఆయన కిడ్నీలు నా వాటికన్నా అన్యాయం!"

డాక్టరమ్మ తెల్లబోయింది. "ఆయనవా? మొన్ననేగా పరీక్షలు చేశాం. గుండ్రాయిలా ఉన్నారు. షుగరూ, బీపీ, కిడ్నీలూ అన్నీ మీవే కదమ్మా!"

నేను బాబాయి వైపు తిరిగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఏమండీ," అంది పిన్ని. "ఇటు చూడండి. మీకేమీ లేదా?"

"ఆకలి ఉంది."

"అబద్ధాలకోరు! ఎందుకు చెప్పారలా?"

"ఏం చెయ్యను మరి? నీ కిడ్నీల సంగతి తెలిసిన రోజు ఏమన్నావ్? నా ఒక్కదాని కోసం వేరే వంటా, ఎవరైనా వింటే నవ్విపోతారన్నావ్. అందరూ తినగా మిగిలిందే తిన్నావ్. నీ కోసం నువ్వు గరిటె పట్టవు. నా కోసమైతే కొండెక్కమన్నా ఎక్కుతావు. అందుకని నీ జబ్బులన్నీ నేనెక్కించుకున్నాను."

"మీకేమవుతుందోనని రోజూ హడలి చచ్చాను కదండీ!"

"నేనూ అంతే" అన్నాడు బాబాయి. ఇన్నాళ్లూ భయపడ్డ నేను, ఒకరి గురించి పడాల్సిన భయాన్ని ఇంకొకరి గురించి పడ్డానన్నమాట.

పిన్ని కోలుకుని ఇంటికొచ్చింది. అయినా బాబాయి మొహంలో కళ లేదు. "గుట్టు కాస్తా రట్టయింది అమ్మాయ్. ఇక తన కోసం చప్పిడి వండుకుంటుందంటావా?" అని నా వెనకే తిరిగాడు. నాకూ నమ్మకం లేదు.

మధ్యాహ్నం పిన్ని రెండు గిన్నెలు తెచ్చి పెట్టింది. ఒకదాంట్లో ఎర్రగా వేగిన బంగాళాదుంపలు, ఉప్పూ కారం దట్టంగా. రెండోదాంట్లో నీళ్లు వంచిన చప్పటి కూర.

"అది మీది, ఇది నాది" అంది. "నాకేమైనా అయితే ఈ అబద్ధాలకోరుని ఎవరు భరిస్తారు? అందుకని వండుకున్నాను."

బాబాయి మొహం వెలిగింది. దుంప ముక్క ఒకటి నోట్లో వేసుకుని, వెంటనే మొహం చిట్లించాడు. "అబ్బ! ఉప్పు కషాయం! ఇదివరకు దీన్నెలా తిన్నానే?" అంటూ ఆ గిన్నె పక్కకి నెట్టి, చప్పటి కూర మీదికి చెయ్యి చాచాడు.

పిన్ని గరిటె అడ్డం పెట్టింది. "ఆగండి. ఇది జబ్బున్నవాళ్ల బండి. టిక్కెట్టేదీ?"

బాబాయి చొక్కా జేబు తడుముకున్నాడు. అందులో ఏమీ లేదు.

"ఫ్యామిలీ పాసండీ" అన్నాడు.

పిన్ని ఆయన్ని ఎగాదిగా చూసింది. "సరే, ఎక్కండి" అని గరిటె తీసి, తన పళ్లెం పక్కకి జరిపి చోటిచ్చింది.

బంగాళాదుంపల గిన్నె అనాథలా మధ్యలో ఉండిపోయింది. నేను దాన్ని మెల్లిగా నా వైపు లాక్కున్నాను. ఎవరూ టిక్కెట్టు అడగలేదు.