షోకేసులోని ఐదో నంబరు

చెప్పుల కొట్లో పనిచేసే ఆయన్ని అందరూ పాదాల పంతులు అనేవారు. వచ్చినవాళ్ళ మొహం కంటే ముందు కాళ్ళు చూసి, "మీది ఎనిమిదో నంబరు" అనేసేవాడు. కొలిచి చూస్తే తప్పేది కాదు. జోళ్ళు తొడిగేలోగా ఒక పాఠం కూడా వినిపించేవాడు. ఒకప్పుడు కాలికి చెప్పు ఉండటమే పెద్ద హోదా అనీ, దొరల ఎదుట చెప్పులు చేతపట్టుకుని నడిచిన మనుషులున్నారనీ, ఒక దేశంలో ఆడపిల్లల పాదాలు పెరగకుండా గుడ్డలతో బిగించేవారనీ చెప్పి, "పాపం, ఎంత ఏడ్చేవారో!" అని నిట్టూర్చేవాడు. మనసు మంచిదే, గొప్పలకు మాత్రం తక్కువ లేదు.

ఆ కొట్లో ఒక పద్ధతి ఉంది. షోకేసులో పెట్టే ఆడవాళ్ళ జోళ్ళన్నీ ఐదో నంబరే. చిన్నవైతే చూడముచ్చటగా ఉంటాయని. ఎండకు రంగు వెలిశాక వాటిని పనివాళ్ళకు ఊరికే ఇచ్చేస్తారు. పెళ్ళయిన ఏడాది నుంచీ పంతులు భార్యకు అవే వెళ్ళేవి. ఆవిడ ఏనాడూ వంక పెట్టలేదు. సరిపోబట్టే పెట్టలేదని ఈ మహానుభావుడు అనుకున్నాడు.

ఒకరోజు ఆయన మరిచిపోయిన భోజనం క్యారియర్ పట్టుకుని ఆవిడే కొట్టుకు వచ్చింది. కుంటుతోంది. పంతులు ఎవరికో పాఠం చెబుతూ గమనించనే లేదు. యజమాని చూశాడు.

"కాలికేమైందమ్మా? ఇలా కూర్చోండి" అని కొలతపలక తెచ్చాడు.

"అబ్బే, ఏం లేదండీ" అంటూనే ఆవిడ చెప్పు విప్పింది. చిటికెనవేలు పక్కవేలి కిందికి ముడుచుకుపోయి ఉంది. మడమ ఆనించి చూస్తే బొటనవేలు ఏడో గీత దగ్గర ఆగింది.

"ఇదేమిటి పంతులూ, ఊళ్ళో కాళ్ళన్నీ చూస్తావు గదా!" అన్నాడు యజమాని.

కొనడానికి వచ్చినవాళ్ళు నవ్వారు. పంతులుకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళ నవ్వు పోతే పోయింది గానీ, ఆ వేలు ఎప్పుడు అలా ముడుచుకుందో తనకు తెలియదు. ముక్కూమొహం తెలియనివాళ్ళ కాళ్ళు రోజంతా పట్టుకునే మనిషి, ఇంట్లో కాలిని ఒక్కసారి పట్టి చూడలేదు. సిగ్గుతో చచ్చిపోతూ ఏడో నంబరు జత తెచ్చి ఆవిడ ముందు కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళూ నొప్పని ఒక్క మాటైనా అనలేదేమే?" అన్నాడు కాలు పట్టుకోబోతూ.

ఆవిడ కాలు వెనక్కి లాక్కుంది.

"మీరు చూసే తెస్తున్నారనుకున్నానండీ" అంది మెల్లగా. "నా కాళ్ళదే తప్పనుకున్నాను."