ఢిల్లీలో వ్యాపారం లేదని సంతకం పెట్టమన్నారు

2007 మే నెలలో నోయిడాలోని ఒక వైద్య పరికరాల కంపెనీలో పేటెంట్ల మేనేజరుగా చేరాను. పేరుకు మేనేజరునే గానీ నా కింద పనిచేసేవారు ఎవరూ లేరు, పైన మేనేజింగ్ డైరెక్టరు ఒక్కరే. కోర్టు కాగితాల మీద కంపెనీ తరఫున సంతకం చేసే అధికారాన్ని బోర్డు తీర్మానం ద్వారా నాకిచ్చారు. ఆ అధికారమే కొద్ది వారాల్లో నా ఉద్యోగం మీదికి తెచ్చింది.

కామెర్లు వచ్చిన పసికందులను నీలి కాంతి కింద పడుకోబెట్టే యంత్రాలు మేం తయారుచేసేవాళ్ళం. అంతకుముందు ఆసుపత్రుల్లో ఈ పనికి ట్యూబులైట్లు వాడేవారు. మా యంత్రంలో వాటి బదులు చిన్న ఎల్.ఇ.డి. దీపాలు వరుసలుగా ఉండేవి. వేడి తక్కువ, కరెంటు ఖర్చు తక్కువ. ఢిల్లీలోని ప్రభుత్వ ఆసుపత్రులే మాకు పెద్ద కొనుగోలుదారులు.

జులైలో ఒక విదేశీ కంపెనీ వకీళ్ళ నుంచి నోటీసు వచ్చింది. ఆ దీపాల అమరిక మీద భారతదేశంలో తమకు పేటెంటు ఉందనీ, తయారీ వెంటనే ఆపకపోతే ఢిల్లీ హైకోర్టులో దావా వేస్తామనీ దాని సారాంశం.

పేటెంటు హక్కు దేశమంతటికీ ఒకటే. దావా మాత్రం ఎక్కడ పడితే అక్కడ వేయడానికి వీల్లేదు. ప్రతివాది వ్యాపారం చేసే చోట గానీ, హక్కుకు భంగం కలిగిన చోట గానీ వేయాలి. పేటెంటుదారులు ఢిల్లీని కోరుకునేవారు. అక్కడి న్యాయమూర్తులకూ వకీళ్ళకూ ఈ చట్టం బాగా అలవాటు. పైగా అవతలి పక్షం లేకుండానే మొదటి రోజే తాత్కాలిక నిషేధం దొరికే అవకాశం ఉండేది. అలా దొరికితే కోర్టు లోకల్ కమిషనరుగా ఒక వకీలును నియమించి పంపుతుంది. ఆయన గోడౌనుకు వచ్చి సరుకంతా లెక్కరాసి సీలు వేసి వెళ్తాడు. తమ మీద దావా పడిందని చాలా కంపెనీలకు ఆ సీలు చూశాకే తెలిసేది.

ఈ భయంతోనే నోటీసు అందగానే ఢిల్లీలోని అమ్మకాల డిపో మూసేయడం ఆ రోజుల్లో ఒక పద్ధతిగా మారింది. గోడ మీది పేరు బోర్డు తీసేస్తారు, బిల్లులు నోయిడా నుంచో గుర్‌గావ్ నుంచో రాస్తారు. యమున దాటితే ఉత్తరప్రదేశ్, గుర్‌గావ్ అయితే హర్యానా కాబట్టి ఢిల్లీ కోర్టు పరిధి తప్పినట్టేనని నమ్మకం. వ్యాపారం ఎక్కడ చేయాలో కొనేవాళ్ళను బట్టి కాక కోర్టులను బట్టి నిర్ణయించుకోవడం అక్కడే మొదటిసారి చూశాను.

మా ఎం.డి. మల్హోత్రా గారు అదే చేశారు. నోటీసు వచ్చిన వారంలోనే ఢిల్లీ డిపో బోర్డు దింపించి, నన్ను గదికి పిలిచి నోటీసుకు జవాబు చేతిలో పెట్టారు. మాకు ఢిల్లీలో ఏ వ్యాపారమూ లేదని అందులో ఉంది. రేపు దావా పడితే ఇదే మాట ప్రమాణపత్రంగా కోర్టులో దాఖలు చేస్తామన్నారు. కింద నా పేరు టైపు చేసి ఉంది.

నిన్ననే ఢిల్లీ ఆసుపత్రికి మన మెకానిక్ రిపేరుకు వెళ్ళాడని గుర్తుచేశాను.

“అది సర్వీసు, సుగుణాజీ. సేల్ కాదు.”

“డబ్బు తీసుకుని చేశాం కదా సార్.”

“అరే భాయ్, అందరూ చేసేదే. మీరొక్కరే కొత్తగా పుట్టారా?”

సంతకం పెట్టలేనని చెప్పాను. ఆయన కోప్పడలేదు. నిషేధం వస్తే యంత్రాల లైను ఆగిపోతుందనీ, అప్పుడు నష్టం పూడ్చుకోవడానికి ఫ్యాక్టరీని పన్ను రాయితీ ఉన్న హిమాచల్‌కు తరలించక తప్పదనీ, ఇక్కడి మనుషులు అంత దూరం రాలేరనీ నిదానంగా వివరించారు. ఆయన భయంలో అబద్ధం లేదు. ఆ లైను మీద పనిచేసేవాళ్ళు చాలామంది నోయిడా చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకుని పిల్లల్ని బడిలో వేసినవాళ్ళు. సోమవారం దాకా ఆలోచించుకోమనీ, అప్పటికీ కుదరకపోతే బోర్డు తీర్మానంలో నా పేరు మారుతుందనీ చెప్పారు. పేరు మారాక ఆ కంపెనీలో నాకు పనేమీ మిగలదని ఇద్దరికీ తెలుసు.

అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞను నేను బాపట్లలో సండే స్కూలు బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాను. దానికి మినహాయింపులున్నాయని ఏ బోధకుడూ నాకు చెప్పలేదు. ఆదివారం మా తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రార్థన మనవులు అడిగినప్పుడు ఉద్యోగం గురించి ప్రార్థించమన్నాను. ఉద్యోగం నిలబడాలనా అని ఒక పెద్దాయన అడిగారు. “కాదు అంకుల్, నేను నిలబడాలని” అన్నాను. ప్రార్థన ముగిసేసరికి మనసులో తర్జనభర్జన లేదు. ఆలోచించాల్సింది ఇక చట్టం గురించే.

సోమవారం ఉదయం మా ఢిల్లీ సేల్స్ మేనేజరు శ్రీనివాస్ నా గదికి వచ్చాడు. కరీంనగర్ మనిషి. డిపో మూయడం అతనికి మొదటినుంచీ ఇష్టం లేదు.

“మేడం, బోర్డు తీసినంక గూడ ఆర్డర్ కొట్టిన, తెలుసా? ఒక్క మిషనే. సౌత్ ఢిల్లీ. బిల్లు మీద ఢిల్లీ అడ్రసే రాయాలె, నువ్వే తెచ్చియ్యాలె అని ఒకటే పట్టు. అట్లనే ఇచ్చిన.”

“మూసేశాం అన్నాక ఎందుకు తీసుకున్నావయ్యా?”

“బోర్డు తీసినం గని నా నోరు మూయలే గద మేడం. వచ్చిన ఆర్డర్ వద్దంటనా?”

ఎవరు కొన్నారని అడిగితే ఒక నర్సింగ్ హోమ్ పేరు చెప్పాడు. అక్కడ ప్రసూతి వార్డు ఎంత పెద్దదన్నాను.

“ప్రసూతి ఏడిది మేడం, అది కండ్ల దవాఖాన.”

మాట అంటూనే అతనికీ అర్థమైంది. కళ్ళ ఆసుపత్రికి పసిపిల్లల కామెర్ల యంత్రంతో పనిలేదు. మా వృత్తిలో దీన్ని ట్రాప్ ఆర్డర్ అంటారు. పేటెంటుదారు మనిషే మామూలు కొనుగోలుదారులా వచ్చి, కావాలనుకున్న ఊళ్ళో సరుకు తీసుకుని బిల్లు రాయించుకుంటాడు. ఆ ఊరి కోర్టుకు పరిధి ఉందని చూపడానికి ఆ బిల్లు చాలు.

“ఇగ నా పని ఖతం” అన్నాడు శ్రీనివాస్. “నీది కాదు, బోర్డు తీసినవాళ్ళది” అన్నాను.

మల్హోత్రా గారికి చెబితే ముందు శ్రీనివాస్‌ను తిట్టారు, తరువాత బిల్లు రద్దు చేసి నోయిడాలో డెలివరీ ఇచ్చినట్టు కొత్తది రాయమన్నారు. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి రెండోది. దానికీ నేను ఒప్పుకోలేదు. ఆయన వెంటనే డైరెక్టరైన తన బావమరిదిని పిలిపించి సంతకం ఆయన్ను పెట్టమన్నారు. తప్పుడు ప్రమాణపత్రం మీద సంతకం చేసిన మనిషే జైలుకు వెళ్ళాల్సి రావచ్చు, కంపెనీ వెళ్ళదు అని నేను పక్కనుంచి చెప్పాను. బావమరిది జేబులు తడుముకుని పెన్ను తేలేదన్నాడు. నా పెన్ను ఇవ్వబోతే బావమరిదికి డాక్టరు అపాయింట్‌మెంటు గుర్తొచ్చింది.

అప్పుడు నా దారి చెప్పాను. ఢిల్లీ హైకోర్టులో కేవియట్ వేద్దాం. కేవియట్ అంటే మా మీద ఫలానావారు దావా వేయవచ్చు, మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దు అని ముందుగా చేసే మనవి. దాని ప్రతిని అవతలివారికి రిజిస్టరు పోస్టులో మనమే పంపాలి.

“అంటే మేం ఢిల్లీలోనే ఉన్నాం, రండి అని మనమే పిలవాలా?” అన్నారు మల్హోత్రా గారు.

“అవును సార్. ఉన్నాం కాబట్టి.”

పారిపోవడం వల్ల లాభం కూడా లేదని వివరించాను. ఢిల్లీ తప్పితే దావా నోయిడా జిల్లా కోర్టుకు వస్తుంది. వాళ్ళ పేటెంటే చెల్లదని మనం ఎదురు దావా వేయగానే, చట్టం ప్రకారం మొత్తం కేసు అలహాబాదు హైకోర్టుకు బదిలీ అవుతుంది. అక్కడిదాకా తిరగడం కంటే ఢిల్లీ హైకోర్టు దగ్గరే అశోకా రోడ్డులో భోజనం చేసి వాయిదాకు నడిచి వెళ్ళడం నయం కాదా అన్నాను. ఆయన నవ్వలేదు. అసలు మా బలం వేరే ఉంది. విదేశీ కంపెనీ దరఖాస్తు చేసిన తేదీకి ముందే దాదాపు అలాంటి దీపాల అమరిక వైద్య పత్రికల్లో అచ్చయింది. ముందే ప్రచురితమైనదానికి పేటెంటు నిలవదు. ఆ మాట చెప్పుకోవాలంటే కోర్టులో నిలబడాలి గానీ కోర్టు నుంచి దాక్కోకూడదు.

చివరికి ఆయన టైపు చేయించిన జవాబు పక్కనపెట్టి ఒప్పుకున్నారు. ఓడితే మాత్రం తాను అడిగేముందే నా రాజీనామా రావాలన్నారు. సరేనన్నాను.

కేవియట్ అందిన పదిరోజుల్లోనే దావా పడింది. మొదటి వాయిదాకు మా వకీలు, శ్రీనివాస్, నేను వెళ్ళాం. అవతలి సీనియరు వకీలు మా బోర్డు తీసిన గోడ ఫొటో చూపించి, ప్రతివాదులు కోర్టు పరిధి తప్పించుకోవడానికి డిపో మూసి దొంగచాటుగా అమ్ముతున్నారన్నారు. తరువాత కళ్ళ ఆసుపత్రి బిల్లును నెమ్మదిగా తీశారు. మా వకీలు లేచి, ఢిల్లీలో అమ్ముతున్నామని మేమే ఒప్పుకుంటున్నాం, అందుకే ఈ కోర్టులో కేవియట్ వేశాం, పరిధి మీద మాకు అభ్యంతరం లేదు అన్నారు. న్యాయమూర్తి బిల్లు పక్కన పెట్టి, అయితే పేటెంటు సంగతి చెప్పండి అన్నారు. సీనియరు గారు కాసేపు కాగితాలు తిరగేశారు. ఆ రోజు ఆయన సిద్ధమై వచ్చింది మా అబద్ధాన్ని పట్టుకోవడానికి. పట్టుకోవడానికి అబద్ధం లేదు.

వాదనలు మరి రెండు వాయిదాలు నడిచాయి. పాత ప్రచురణల వల్ల పేటెంటు చెల్లుబాటు మీద గట్టి సందేహం ఉందని కోర్టు తాత్కాలిక నిషేధం నిరాకరించింది. అమ్మకాల లెక్కలు దాఖలు చేస్తూ ఉండమంది. మా లైను ఆగలేదు. ఢిల్లీ డిపోకు బోర్డు తిరిగి ఎక్కింది. శ్రీనివాస్ దాన్ని పాతదానికంటే పెద్దదిగా చేయించాడు. దావా ఏళ్ళ తరబడి సాగి చివరికి ఒప్పందంతో ముగిసింది. పూర్తిగా గెలిచామని చెప్పను.

నాకు ఆ ఏడాది ఇంక్రిమెంటు రాలేదు. మల్హోత్రా గారు ఆ తరువాత ఏ ప్రమాణపత్రమైనా నాకు పంపేముందు తనే రెండుసార్లు చదివేవారు. తరువాతి కాలంలో ఆయన హిమాచల్‌లో కూడా ఒక యూనిట్ పెట్టారు, పన్ను రాయితీ కోసం. దానికి కావలసిన కాగితాలన్నీ నేనే సంతకం చేశాను. లాభం చూసుకుని ఒక చోటికి వెళ్ళడం వ్యాపారం, అందులో నాకు అభ్యంతరం లేదు.

ఆ తరువాత నా దగ్గరకు సలహాకు వచ్చిన చిన్న కంపెనీలు అడిగిన మొదటి ప్రశ్న, ఎక్కడ ఆఫీసు పెడితే దావా రాదు అని. అలాంటి ఊరు లేదని చెప్పేదాన్ని. సరుకు ఎక్కడ అమ్మితే అక్కడికి దావా వస్తుంది. కాబట్టి కొనేవాళ్ళు ఉన్నచోట ఆఫీసు పెట్టండి, మీ యంత్రం మీదేనని చూపే ఆధారాలు ముందుగా సమకూర్చుకోండి, ఎక్కడ వ్యాపారం చేస్తున్నారో అడిగితే నిజం చెప్పండి. ఇది నీతి కోసమే చెప్పడం లేదు, నీతికి అది ఎలాగూ సరిపోతుంది. కోర్టులో అదే గట్టి వాదన.