వంక పారకూడదని మొక్కుకున్నవాడు

కరువు కాలంలో యాడికి అనే ఊరు మొత్తానికి వాన వద్దనుకున్న మనిషి ఒక్కడే. పేరు ఓబుళేసు. నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఆయనది. రాయి మూల గోరంత పెచ్చు ఊడినా పనివాళ్ల కూలి కోసే కళ్లు ఆయనవి. ఆ కళ్లే, బెంగళూరు నుంచి తెప్పించుకున్న బొమ్మ ముందు మాత్రం గుడ్డివయ్యేవి.

అది మరమనిషి బొమ్మ. కీళ్లు మడిచి తిప్పితే లారీ అవుతుంది. ధర ఒక పాడి ఆవంత. పెట్టె విప్పితే ఒక కంటికి రంగు లేదు. తుంటి కీలు వదులు, మోకాలు బిగుతు. చేతులు రెండూ ఎడమవే.

"రెండూ ఒకే వాటంగా ఉండాయేమన్నా?" అని పాలిష్ పట్టే మారెక్క అడిగింది.

"ఫారిన్ సరుకు మే! ఇట్లాంటిది వెయ్యింటికి ఒకటి వస్తాది."

పాత నాణేలనీ, తపాలా బిళ్లలనీ పోగుచేసేవాళ్లను నేను చాలా ఊళ్లలో చూశాను. వాళ్లకు సరుకులో తప్పు కనబడదు. కనబడిందా, దానికి 'అరుదు' అని పేరు పెట్టుకుని ఇంకా మురిసిపోతారు.

2002 ఆయుధపూజనాడు ఓబుళేసు కోత మిషన్ల పక్కన పీట వేసి బొమ్మను నిలబెట్టాడు. విభూతి పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టాడు. ఇక లారీ చేసి చూపిస్తానని అందరి ముందూ బొమ్మ చెయ్యి మడిచాడు. టప్పుమని అది ఊడి వచ్చింది.

పనివాళ్లు మొహాలు తిప్పుకుని నవ్వారు. ఆయన తల్లి గంగాదేవి నవ్వలేదు.

"అంగం పోయిన దేవుడు ఇంట్లో ఉండకూడదు రా. నీళ్లలో వదిలిపెట్టు."

"బొమ్మమ్మా అది!"

"బొమ్మకు టెంకాయ కొట్టమని నేను చెప్పినానా?"

ముక్కు విరిగిన రాతి దేవుళ్లు ఎన్ని గుళ్ల వెనక ఎండకు మాడుతున్నారో చూసినవాణ్ణి, ఆ ముసలమ్మ శాస్త్రాన్ని నేను కాదనలేను. అయితే వదలడానికి నీళ్లేవి? ఊరి వంక ఎండిన వాగు, అంతా ఇసుక. తాగే నీళ్లే ట్యాంకరులో వస్తున్నాయి.

"సరే, వంక పారిన దినం వదలాల" అంది గంగాదేవి.

ఓబుళేసు చేతిని జిగురుతో అతికించి, బొమ్మను అద్దాల బీరువాలో దాచుకున్నాడు. రైతులు శనక్కాయ విత్తి ఆకాశం కేసి చూసేవాళ్లు. ఆయనా చూసేవాడు. మబ్బు పడితే వాళ్లకు ప్రాణం లేచొచ్చేది, ఆయనకు పోయేది. కప్పలకు పెళ్లి చేస్తాం, చందా ఇమ్మని వస్తే మూఢనమ్మకాల మీద ఉపన్యాసమిచ్చి పంపాడు. వాళ్లు పోయాక లోపలికెళ్లి, వాన పడకూడదని దేవుడికి దీపం పెట్టాడు. రైతుల కడుపు కొట్టిన కరువు ఆయన బొమ్మను మాత్రం చల్లగా కాపాడింది.

2005లో వాన దంచింది. వంక ఎర్రగా పారింది. గట్టు మీద ఊరంతా కేకలు, ఈలలు. గంగాదేవి కొడుకును ముందుపెట్టుకుని తోలుకొచ్చింది. ఆయన బొమ్మను నీళ్లలో వదిలి కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి అది వెల్లకిలా తేలుతూ పోతోంది.

"మునగదేమన్నా?" అంది మారెక్క.

"లోపలంతా బోలు."

"అన్ని దుడ్లు పోసి గాలి కొన్నావా అన్నా!"

గట్టంతా గొల్లున నవ్వింది. ఓబుళేసు నీళ్లలోకి దిగబోతే తల్లి చొక్కా పట్టుకుని లాగింది. బొమ్మ కంపచెట్లు దాటి మలుపు తిరిగిపోయింది.

మర్నాడు ఆయన బెంగళూరు అంగడికి ఫోన్ చేశాడు. కీళ్ల సంగతి అడగలేదు, రంగు సంగతి అడగలేదు.

"ఇంకొకటి పంపప్పా. ఈసారి మునిగేది చూసి పంపు."